హయెక్ మాటలతోనే 1/70ని నిలబెట్టొచ్చు

(గన్‌ఫౌండ్రీలో ఆదివాసీ విద్యార్థులు, యువకుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగం. చదివేవాళ్ల కోసం అక్కడక్కడ సరిచేశాను.)

 

ఈ మధ్య ఒక ప్రశ్న మనవాళ్ల నోటే ఎక్కువ వింటున్నాను. "అన్నా, నా భూమి నేను అమ్ముకోవడానికి గవర్నమెంటు అడ్డమేంది? 1/70 లేకపోతే రోడ్డు పక్క ఎకరానికి కోటి రూపాయలొస్తయి. ఇప్పుడైతే కొనేటోడు లేడు, బ్యాంకోడు లోను ఇయ్యడు. ఇది రక్షణా, బందిఖానానా?"

ఇట్లా అడిగేది రియల్ ఎస్టేట్ బ్రోకర్ అయితే మనకు జవాబు నోటికొచ్చు. అడుగుతున్నది డిగ్రీ చదివిన మన తమ్ముడు. చెల్లె నర్సింగ్ ఫీజుకు డబ్బు కావాల్సినోడు. వాణ్ని ద్రోహి అని తిడితే నోరు మూసుకోడు. ఇంకో దగ్గరికి పోయి అదే అడుగుతాడు. అక్కడ వాడికి తియ్యగా జవాబు చెప్పేవాళ్లు తయారుగా ఉన్నారు.

అందుకే ఈ రోజు ఆ ప్రశ్నకు తాత లాంటి మనిషి గురించి మాట్లాడదామనుకున్నాను. పేరు ఫ్రెడరిక్ హయెక్. గ్రూప్స్‌కి, సివిల్స్‌కి చదివేవాళ్లు ఈ పేరు విని ఉంటారు. మన సభల్లో మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా పెట్టుబడిదారుల మనిషి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేను కొంచెం చదివాను. చదివాక నాకు అనిపించింది ఇది: ఆయన్ని మన మీదికి తెచ్చేవాళ్లు ఆయన్ని పూర్తిగా చదవలేదు. చదివి ఉంటే ఆయన పేరు చెప్పి 1/70 తీసెయ్యమనడం వాళ్లకు అంత సులువు కాదు.

ముందు మనిషి ఎవరో చెప్తాను. 1899లో వియన్నాలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రియాలో ధరలు ఆకాశానికంటి జనం దాచుకున్న డబ్బు చిత్తుకాగితం అయిపోవడం కళ్లారా చూశాడు. 1931లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్లి 1950 దాకా అక్కడే పాఠాలు చెప్పాడు. రెండో యుద్ధం నడుస్తుండగానే, 1944లో, 'ద రోడ్ టు సెర్ఫ్‌డమ్' రాశాడు. సర్కారే అన్నీ ప్లాన్ చేస్తానని కూర్చుంటే చివరికి జనం బానిసలవుతారని దాని సారం. 1974లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తమాషా ఏంటంటే, ఆయనకు పూర్తిగా వ్యతిరేక ఆలోచనలున్న గున్నార్ మిర్దాల్‌తో కలిపి ఇచ్చారు. బ్రిటన్‌లో థాచర్ ఆయన్ని గురువులా చూసుకుంది. 1992లో చనిపోయాడు. మన దేశంలో ఆయన ప్రభావం పడ్డవాళ్లలో బి.ఆర్. షెనాయ్ ఒకరు. లండన్‌లో ఆయన లెక్చర్లు విన్న ఆర్థికవేత్త. 1955లో రెండో పంచవర్ష ప్రణాళిక మీద నిపుణులంతా ఒక పక్క సంతకం పెడితే ఆయనొక్కడే అసమ్మతి నోటు రాశాడు.

ఇంక అసలు విషయం. హయెక్ ఆలోచనలన్నిటికీ వేరు లాంటిది 1945లో రాసిన ఒక చిన్న వ్యాసం. సమాజంలో జ్ఞానం ఎట్లా వాడబడుతుంది అన్నది దాని విషయం. ఆయన చెప్పేదేంటంటే, లోకం నడవడానికి కావాల్సిన తెలివి ఏ ఒక్క మనిషి దగ్గర, ఏ ఒక్క ఆఫీసులో పోగుపడి ఉండదు. కోట్లమంది దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఏ చెలకలో నీళ్లు నిలుస్తాయో, ఏ చెట్టు ఈ ఏడు కాస్తదో, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చో అక్కడున్నోడికే తెలుస్తుంది. రాజధానిలో కూర్చున్న పెద్దసారుకు ఎన్ని ఫైళ్లు పంపినా ఆ తెలివి ఫైల్లోకి ఎక్కదు. మరి ఇంతమంది తెలివి ఒకదానితో ఒకటి ఎట్లా కలుస్తుంది? ధర ద్వారా, అన్నాడు. ఆయన తగరం ఉదాహరణ ఇచ్చాడు. ప్రపంచంలో ఎక్కడో తగరం గని ఒకటి మూతపడిందనుకోండి, ఎందుకు మూతపడిందో వాడేవాళ్లకెవరికీ తెలియనక్కర్లేదు. ధర పెరిగితే చాలు, అందరూ పొదుపుగా వాడతారు.

ఇది విన్నప్పుడు మీకేమనిపించింది? నాకైతే మన పట్లలు, మన ముసలోళ్లు అటవీశాఖ సార్ల ముందు చెప్పడానికి ప్రయత్నించి చెప్పలేకపోయిన మాట ఇదే అనిపించింది. పోడు ఎక్కడ కొట్టాలో, ఏ గుట్ట మీద మళ్లీ ఎన్నేళ్లకు కొట్టాలో తెలిసినోణ్ని పక్కకు నెట్టి, మ్యాపు మీద గీత గీసి ఇది రిజర్వు ఫారెస్టు అన్నది ఎవరు? గోదావరి ఒడ్డున ఏ ఊరు ఎన్ని తరాల నుంచి ఉందో చూడకుండా పోలవరం ముంపు లెక్కలు వేసింది ఎవరు? 2014లో ఏడు మండలాలను ఒక రాష్ట్రం నుంచి తీసి ఇంకో రాష్ట్రంలో కలిపినప్పుడు ఏ గ్రామసభను అడిగారు? పై నుంచి ప్లాన్ వేసేవాడికి కింద ఉన్నది తెలియదు అని హయెక్ అన్నది మన మీద కాదు. ఆయన మాటకు సాక్ష్యం కావాలంటే ఐదో షెడ్యూలు ప్రాంతాలకు మించిన సాక్ష్యం దొరకదు.

జీసీసీనే తీసుకుందాం. గిరిజన సహకార సంస్థ 1956లో వచ్చింది. ఎందుకొచ్చిందో మరిచిపోవద్దు. మన చింతపండుకు, తేనెకు, కరక్కాయకు ఉప్పు, బట్ట ఇచ్చి తూకంలో, లెక్కలో మోసం చేసే వ్యాపారి చేతి నుంచి మనల్ని తప్పించడానికి వచ్చింది. మంచిదే. కానీ 1979 రెగ్యులేషన్‌తో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారం మొత్తం దానికే దక్కింది. అంటే కొనేవాడు ఒక్కడే. ధర ఆఫీసులో రాస్తారు. అంగడిలో చింతపండు ధర పెరిగితే ఆ వార్త మన అమ్మ గంప దాకా రాదు. ఇక్కడ హయెక్ అడిగే ప్రశ్న మనం కూడా అడగాలి. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనదే అని రాసినప్పుడు, ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో గ్రామసభ ఎందుకు తేల్చకూడదు? ఈ మాటంటే మనలో కొందరు పెద్దలకు కోపం వస్తుంది, ప్రైవేటు వ్యాపారిని మళ్లీ పిలుస్తున్నావా అని. నేను వ్యాపారిని పిలవడం లేదు. గ్రామసభను పిలుస్తున్నాను.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇంక 1/70 దగ్గరికి వద్దాం.

హయెక్ స్వేచ్ఛ అంటే ఏమని చెప్పాడు? 1960లో వచ్చిన 'ద కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ లిబర్టీ'లో ఆయన నిర్వచనం సూటిగా ఉంటుంది. ఇంకొకడి ఇష్టానికి తలవంచాల్సిన బలవంతం లేకపోవడమే స్వేచ్ఛ. డబ్బు లేకపోవడం, అవకాశాలు తక్కువ ఉండటం స్వేచ్ఛ లేకపోవడం కిందికి రాదంటాడు. ఈ రెండో ముక్కతో నాకు పేచీ ఉంది, అది వేరే సంగతి. బలవంతం ఎప్పుడవుతుంది అన్నదానికి ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి. ఎడారిలో ఒకే ఒక్క నీటి ఊట ఉంది. మిగతావన్నీ ఎండిపోయాయి. ఆ ఊట ఒకడిది. మిగతావాళ్లు బతకాలంటే వాడు అడిగింది ఇవ్వాల్సిందే. వాడు కత్తి పట్టుకోలేదు, కొట్టలేదు. అయినా ఇది బలవంతమే, అన్నాడు హయెక్. స్వేచ్ఛా మార్కెట్‌కి పెద్దదిక్కు అనబడే మనిషే అన్నాడు.

ఇప్పుడు ఆ ఎడారిని తీసి మన ఏజెన్సీని పెట్టండి. ఆ ఊట యజమాని స్థానంలో షావుకారును పెట్టండి. ఊళ్లో అప్పు ఇచ్చేవాడు ఒక్కడే. వానాకాలం విత్తనాలు వాడి దగ్గరే. జబ్బుచేస్తే డబ్బు వాడి దగ్గరే. పంట కొనేవాడూ వాడే. తూకం రాయి వాడిది, లెక్క పుస్తకం వాడిది, ఆ పుస్తకం చదవడం మనకు రాదు. చివరికి భూమి రాసిచ్చే కాగితం మీద వేలిముద్ర పడింది. దీన్ని ఇద్దరు స్వేచ్ఛాపరులు ఇష్టపడి చేసుకున్న అమ్మకం అంటారా? హయెక్ లెక్క ప్రకారమే చూసినా అది బలవంతం.

నేను ఊహించి చెప్పట్లేదు. దీన్ని చూసి రాసిపెట్టిన ఇంకో మనిషి ఉన్నాడు, ఆయనా వియన్నావాడే. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. హయెక్ కన్నా పదేళ్లు చిన్న, 1909లో పుట్టాడు. ఇద్దరూ చదివింది వియన్నా యూనివర్సిటీలోనే. హయెక్ లండన్‌లో పాఠాలు చెప్తున్న రోజుల్లోనే హైమన్‌డార్ఫ్ కూడా అదే లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో మలినోవ్‌స్కీ దగ్గర మానవశాస్త్రం నేర్చుకున్నాడు. తర్వాత దారులు వేరయ్యాయి. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి హైమన్‌డార్ఫ్ ఇండియాలో ఉన్నాడు, చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్లకు శత్రుదేశపు మనిషి. నిజాం రాజ్యం దాటిపోకూడదన్న షరతు మీద హైదరాబాద్‌లో ఉండనిచ్చారు. అట్లా ఆయన చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి మన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చాడు.

మనం కూర్చున్న ఈ గన్‌ఫౌండ్రీకి కూడా ఈ కథలో ఒక చోటుంది, అందుకే చెప్తున్నాను. ఒకప్పుడు ఫ్రెంచ్ సేనాని రేమండ్ నిజాం కోసం తోపులు పోయించిన కార్ఖానా ఇక్కడ ఉండేది, తోప్ కా సాంచా అనేవాళ్లు. అదే చోట 1942 ఏప్రిల్ 5న హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ తలుపులు తెరిచింది. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది కదా, ఉస్మానియా సిక్కా. దాన్ని, రాజ్యం అప్పుల్ని చూసుకోవడం ఈ బ్యాంకు పని. తర్వాత అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది, 2017లో ఎస్‌బీఐలో కలిసింది. డబ్బును అచ్చువేసే గుత్తాధికారం ప్రభుత్వాలకు ఉండొద్దని, రకరకాల కరెన్సీలు పోటీపడాలని హయెక్ 1976లో పుస్తకం రాశాడు. హైదరాబాద్‌లో అప్పటికే రెండు రూపాయలు పక్కపక్కన తిరిగాయి. ఆరు బ్రిటిష్ రూపాయలకు ఏడు ఉస్మానియా రూపాయలు మారకం. ఆ లెక్క బజారులో సేటుకు తెలుసు. గుట్ట మీద గోండు రైతుకు ఎవరు చెప్పారు?

బ్యాంకు తెరవడానికి రెండేళ్ల ముందే, 1940లో, జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను కాల్చి చంపారు. సాగుచేసుకున్న భూమికి పట్టా ఇంకొకడి పేరున రావడం, అడవిలో పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. ఆ పోరాటం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రాజ్యం భయపడి, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొని చెప్పమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చూశాడు. ఒక పక్క అటవీ రిజర్వు గీతలు, ఇంకో పక్క బయటి నుంచి వచ్చి పట్టాలు చేయించుకున్నవాళ్లు. మధ్యలో గోండులు సొంత భూమిలో కౌలుదార్లుగా మారుతున్నారు. ఆయన సిఫారసులతో లావణి పట్టాలు లక్ష ఎకరాలకు పైగా ఇచ్చారు, మార్లవాయిలో గోండి బడి మొదలైంది, 1940ల చివర్లో హైదరాబాద్ రాజ్యం గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ తెచ్చింది.

ఒకే ఊరి నుంచి, ఒకే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఇద్దరు. ఒకరు ఇంగ్లండ్‌లో కూర్చొని సర్కారు చేయి పడితే స్వేచ్ఛ పోతుందని రాస్తున్నారు. ఇంకొకరు అదే ఏళ్లలో ఆదిలాబాద్‌లో, సర్కారు రాసిచ్చిన పట్టానే ఆయుధంగా పట్టుకొని బయటివాళ్లు భూమి లాక్కోవడం చూస్తున్నారు. ఆ లాగుడును ఆపాలన్నా మళ్లీ సర్కారు కాగితమే కావాల్సి వచ్చింది. నాకు హైమన్‌డార్ఫ్ దేవుడు కాదు, ఆయన్ని పంపింది మనల్ని కాల్చిన రాజ్యమే. కానీ ఆయన కళ్లతో చూశాడు. ఆయన, ఆయన భార్య బెట్టీ ఇద్దరూ ఇప్పుడు మార్లవాయి మట్టిలోనే ఉన్నారు.

ఇంక చట్టం చరిత్ర తొందరగా చెప్తాను, మీలో చాలామందికి తెలుసు. మద్రాసు వైపు ఏజెన్సీలో 1917లోనే భూబదలాయింపు చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో ఒకటో నంబర్ రెగ్యులేషన్. 1963లో దాన్ని తెలంగాణకు వర్తింపజేశారు. దాంట్లో సందులున్నాయి, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్ముకోవచ్చు. ఆ సందు 1970లో మూసింది, అదే మన 1/70. అప్పటి నుంచి షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎవరి చేతిలో ఉన్న భూమైనా సరే అమ్మితే గిరిజనుడికే అమ్మాలి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదే అని చట్టం అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాడు. 1988లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగబద్ధమే అని చెప్పింది. 1997 జులై 11న సమత తీర్పులో ఇంకో అడుగు వేసింది. అనంతగిరి, బొర్రా దిక్కు గనుల లీజుల కేసు అది. ప్రభుత్వం కూడా ఈ రెగ్యులేషన్ దృష్టిలో ఒక వ్యక్తే, కాబట్టి సర్కారు భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది.

సర్కారు కూడా చట్టానికి లోబడాలి, ముందే తెలిసిన నియమం అందరికీ ఒకటే ఉండాలి. ఇది ఎవరి సిద్ధాంతం? హయెక్‌ది. చట్టబద్ధ పాలన అంటే ఇదేనని పేజీలకు పేజీలు రాశాడు. 1970 తర్వాత ఏజెన్సీకొచ్చి బేనామీ పేర్లతో భూమి కొన్న ప్రతి ఒక్కడికీ నియమం ముందే తెలుసు. తెలిసి తప్పినవాళ్ల కోసం ఇప్పుడు నియమం మార్చమంటే దాన్ని స్వేచ్ఛ అని పిలవడానికి హయెక్ పేరు పనికిరాదు.

ఇంకో విచిత్రం చూడండి. 1959లోనే మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టింది. దానికి మొదటి అధ్యక్షుడు మన తెలుగువాడే, నిడుబ్రోలు ఆచార్య రంగా. ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయప్ప కాలేజీలో అదే చెప్పినవాడు. ఆయన్ని హయెక్ శిష్యుడని అనను, రైతు ఉద్యమం నుంచి వచ్చిన మనిషి. అప్పట్లో కాంగ్రెస్ సహకార వ్యవసాయం అంటే ఆయన, రాజాజీ ఒప్పుకోలేదు. రైతు భూమిని రైతు చేతి నుంచి తీయొద్దన్నారు. అదే ఏడాది మన దగ్గర గిరిజనుడి భూమిని గిరిజనుడి చేతి నుంచి తీయొద్దని రెగ్యులేషన్ వచ్చింది. రెండింటి వెనకా ఉన్నది భూమి పోతుందన్న భయమే. కోస్తా రైతు భయపడితే స్వాతంత్ర్య కాంక్ష అన్నారు. మనం భయపడితే వెనకబాటుతనం, అభివృద్ధికి అడ్డం అంటున్నారు.

ఇంక తమ్ముడి ప్రశ్నకు. వాడు చెప్పిన లెక్కలో నిజముంది. దాన్ని దాచి ఉపయోగం లేదు. కొనేవాళ్లు తక్కువైతే ధర తగ్గుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఎకరం అమ్మితే మైదానంలో ఎకరానికి వచ్చినంత రాదు. ఆ తేడాను మన కుటుంబాలు మోస్తున్నాయి. కానీ లోను దగ్గర బ్యాంకులు చెప్పే సాకు నమ్మకండి. భూమిని స్వాధీనం ఇవ్వకుండా సహకార సంఘానికో, బ్యాంకుకో తనఖా పెట్టుకోవడానికి 1971 సవరణలోనే దారి ఉంది. అప్పు తీరకపోతే వేలంలో కొనేది గిరిజనుడే కావాలి, అంతే. ఆ దారి ఉందని మేనేజర్‌కు చెప్పాల్సిన పని కూడా మన మీదే పడింది.

మరి ఆ కోటి రూపాయలు? ఆ ధర ఎట్లా వస్తుందో ఆలోచించండి. హయెక్ ఏమన్నాడు, ధర అంటే తెలివిని మోసుకొచ్చేది. బాగుంది. రోడ్డు ఎటు నుంచి వస్తుందో, రిసార్టుకు ఎక్కడ అనుమతి వస్తుందో, ఆ తెలివి ముందు ఎవరి దగ్గర ఉంటుంది? ఇక్కడ హైదరాబాద్‌లో, విశాఖలో ఉంటుంది. వాడు ముందొచ్చి కొంటాడు. ధర ఆ వార్తను మన ఊరికి మోసుకొచ్చేసరికి మన చేతిలో భూమి ఉండదు. కోటి రూపాయలు వచ్చేది మొదట అమ్మినవాడికి కాదు, మూడోసారి అమ్మినవాడికి. మైదానంలో హైవేల పక్కన భూములమ్మిన రైతులను అడగండి, చెప్తారు. వాళ్లలో కొందరు అదే వెంచర్‌కి వాచ్‌మన్లుగా ఉన్నారు.

2025 ఫిబ్రవరిలో విశాఖ మన్యం బంద్ పాటించింది మీకు గుర్తుంది. పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సడలించాలన్న మాట ఒక పెద్ద నోటి నుంచి వచ్చింది. రెండు రోజులు దుకాణాలు, బస్సులు, అంతా బంద్. చివరికి చట్టం జోలికి పోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు ఆగింది. మళ్లీ వస్తుంది. ఈసారి రద్దు అని రాదు. లీజు అని, భాగస్వామ్యం అని, హోమ్‌స్టే అని వస్తుంది.

అట్లా వచ్చిన చోటు ఒకటుంది, దూరంగా, చిలీ దేశంలో. 1973లో అక్కడ సైన్యాధిపతి పినోచెట్ ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చాడు. స్వేచ్ఛా మార్కెట్ నిపుణులను పిలిచి దేశం వాళ్ల చేతిలో పెట్టాడు. హయెక్ 1977లో వెళ్లి పినోచెట్‌ను కలిశాడు, 1981లో మళ్లీ వెళ్లాడు. ఈ రెండింటి మధ్యలో, 1979లో, పినోచెట్ ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. మపూచే ఆదివాసీల ఉమ్మడి భూములను ముక్కలు చేసి ఒక్కొక్కరికి విడివిడిగా పట్టా ఇస్తారు, పట్టా అయ్యాక ఆ భూమి ఇంక ఆదివాసీ భూమి కాదు. ఇరవై ఏళ్లు అమ్మకూడదని నిబంధన పెట్టారు, నిజమే. దానికి వ్యాపారులు కనిపెట్టిన దారి ఏంటో తెలుసా? తొంభై తొమ్మిదేళ్ల లీజు. 1993లో కొత్త చట్టం వచ్చి ఆపేదాకా భూములు జారిపోతూనే ఉన్నాయి. ఆ డిక్రీ హయెక్ రాయించాడని నేను అనను. కానీ 1981 ఏప్రిల్ 12న అక్కడి 'ఎల్ మెర్కూరియో' పత్రికలో ఆయన ఇంటర్వ్యూ వచ్చింది. ఆర్థిక స్వేచ్ఛ లేని ప్రజాస్వామ్యం కన్నా ఆర్థిక స్వేచ్ఛ ఇచ్చే నియంత మేలు అన్న అర్థంలో మాట్లాడాడు. బలవంతం అనే మాటకు అంత జాగ్రత్తగా నిర్వచనం రాసిన మనిషి, జైళ్లు నిండి ఉన్న దేశంలో నిలబడి అట్లా అన్నాడు.

ఆ ఇంటర్వ్యూ వచ్చిన ఎనిమిది రోజులకు, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లి. సోమవారం, అంగడి రోజు. భూమికి పట్టాలివ్వాలని, పంటకు సరైన ధర రావాలని, షావుకార్ల దోపిడీ ఆగాలని గోండులు నడిచి వచ్చారు. పోలీసులు కాల్చారు. అధికారిక లెక్క 13 మంది. మన ఊళ్లలో లెక్క వేరే ఉంది. అంగడికి వెళ్లే స్వేచ్ఛ ఆ రోజు ఎవరు లేకుండా చేశారు? 1/70 కాదు కదా.

చివరిగా హయెక్‌తో నాకున్న పెద్ద పేచీ. ఇది చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు బయట తిరిగొచ్చాను. 1976లో సిడ్నీలో ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు, సామాజిక న్యాయం అనే కోరిక పాతకాలపు బుద్ధి అని. ఆయన వాదం ఏంటంటే, మనుషులు చిన్నచిన్న గుంపులుగా తిరిగిన రోజుల్లో దొరికింది పంచుకోవడం, ఒకరికొకరు నిలబడటం అలవాటైంది. ఆ తెగ బుద్ధి ఇంకా మనలో మిగిలింది. లక్షలమంది ముక్కూముఖం తెలియని మనుషులు ధరల ద్వారా కలిసి బతికే పెద్ద సమాజంలో అది పనికిరాదు, దాన్ని దాటి రావాలి. ఈ అర్థంలో తెగ, తెగ మనస్తత్వం అనే మాటలు ఆయన రాతల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. అంటే మన పేరును ఆయన మనిషి వదిలించుకోవాల్సిన జబ్బుకు పెట్టాడు.

ఆయన ఎప్పుడైనా మన ఊళ్లో వారం ఉండి ఉంటే బాగుండేది. ఎవరూ కూర్చొని డిజైన్ చేయకుండానే, ఎవరూ హుకుం ఇవ్వకుండానే, తరాల వాడుకలోంచి పుట్టే క్రమం అన్నిటికన్నా గొప్పదని చెప్పింది ఆయనే కదా. భాష అట్లా పుట్టింది, చట్టం అట్లా పుట్టింది, మార్కెట్ అట్లా పుట్టింది అన్నాడు. మరి మన సగల కట్టుబాటు అట్లా పుట్టింది కాదా? రాయిసెంటర్‌లో పెద్దలు కూర్చొని రెండు ఊళ్ల తగాదా తీర్చే పద్ధతి ఏ అసెంబ్లీ రాసింది? విత్తనాలు లేనోడికి విత్తనాలిచ్చి, పంటొచ్చాక అంతే తీసుకునే అలవాటును ఏ ప్లానింగ్ కమిషన్ నేర్పింది? వాడుకలోంచి పుట్టిన క్రమాన్ని గౌరవించాలని రాసిన మనిషికి, ఆ క్రమం ఆదివాసీది అయ్యేసరికి అది పాతకాలపు బుద్ధి అయింది. భూమి ఆ క్రమంలో ఒక ముక్క. పట్టా మీద తమ్ముడి ఒక్కడి పేరే ఉండొచ్చు. కానీ ఆ చెలకలో అమ్మ ఏరుకునే ఆకుకూర ఉంది, ఊరి పశువుల దారి ఉంది, పెర్సాపేన్‌కు పోయే తొవ్వ ఉంది. వీటిలో ఏదీ అమ్మకం ధరలోకి ఎక్కదు. కొన్నవాడు కంచె వేసిన రోజు ఊరంతటికీ తెలిసొస్తుంది.

అందుకే తమ్ముడికి నా జవాబు ఇట్లా ఉంటుంది. నీ ఫీజు సమస్య నిజం. దానికి స్కాలర్‌షిప్ టైముకు రావాలి, బ్యాంకు తనఖా దారి తెరవాలి, చింతపండుకు, కాఫీకి, పత్తికి ధర నువ్వు నిలబడి అడగగలిగేలా గ్రామసభకు చేయి రావాలి. వాటి కోసం నీతో కలిసి ఏ ఆఫీసుకైనా వస్తాను. భూమి అమ్మి ఫీజు కడితే చెల్లె ఒక్కతే చదువుకుంటుంది, ఆమె పిల్లల ఫీజుకు అమ్మడానికి ఏమీ ఉండదు.

మాటలు చాలు, ఒక పని చెప్పి ముగిస్తాను. మీరు ఊరికి వెళ్లాక ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీ ఊళ్లో ఎన్ని ఎకరాలు కౌలు పేరుతో, లీజు పేరుతో, మన ఆడబిడ్డల పేరు మీద బేనామీగా బయటివాళ్ల సాగులో ఉన్నాయో సర్వే నంబర్లతో రాయండి. అప్పుకు కుదువ పెట్టినవి వేరే పేజీలో రాయండి, అప్పు ఎంత, వడ్డీ ఎంత, కాగితం ఎవరి దగ్గరుంది అని. ఇంటి పెద్దలను కోపంగా అడగొద్దు, కొందరు సిగ్గుతో చెప్పరు, రెండోసారి వెళ్లండి. ఆ నోట్‌బుక్ గ్రామసభలో చదివి తీర్మానం పుస్తకంలో ఎక్కించండి. ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి, ఒకటి ఐటీడీఏలో ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వకపోతే ఎవరు ఇవ్వలేదో, ఏ తేదీన ఇవ్వలేదో అది కూడా అదే పుస్తకంలో రాయండి.

జై సేవా.